వింటర్ ప్యాలెస్ 1837 అగ్నిప్రమాదం తర్వాత: 15 నెలల్లో అంత కట్టడం ఎలా లేచింది?

పాతగోడ (ప్రశ్న):

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వింటర్ ప్యాలెస్ 1837 డిసెంబరులో కాలిపోయిందనీ, 1839 ఈస్టర్‌కల్లా జార్ మొదటి నికొలాయ్ మళ్లీ అందులో పండుగ చేసుకున్నాడనీ అన్నిచోట్లా ఒకటే వాక్యం కనిపిస్తోంది. అంటే 15 నెలలు. వెయ్యికి పైగా గదులు, నీవా నది వైపు ముఖభాగం ఒక్కటే 200 మీటర్లకు మించిన పొడవు. మోటారు క్రేన్లు లేవు, కాంక్రీటు లేదు, పైగా నెలల తరబడి గడ్డకట్టే చలి. నాకైతే లెక్క కుదరడం లేదు.

తూర్పు రెక్క, అంటే సెయింట్ జార్జ్ హాలు ఉన్న భాగం, దానికి దగ్గర్లోని ఫీల్డ్ మార్షల్ హాలు, పీటర్ హాలు, వీటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. నిప్పు ఎలా పాకింది? ఏది మిగిలింది? కొత్త కప్పులు దేంతో వేశారు? తడి గోడలు అంత త్వరగా ఎలా ఆరాయి? సెయింట్ జార్జ్ హాలు కప్పు తర్వాత కూలిందని కూడా చదివాను. జార్ కోపం, జార్ కన్నీళ్లు లాంటి కథలు వద్దు, పని ఎలా జరిగిందో కావాలి.

---

దూలంవాసం:

మీ లెక్క కుదరకపోవడానికి కారణం "కాలిపోయింది" అన్న మాట. కాలింది కర్ర. ఇటుక గోడలు నిలబడ్డాయి, కింది అంతస్తులోని ఇటుక కమాను కప్పులు చాలావరకు నిలబడ్డాయి. వాస్తుశిల్పి రాస్ట్రెల్లి 1754-62 మధ్య కట్టిన గోడలు మామూలు మందం కావు. కాబట్టి 1838లో వాళ్ల ముందున్నది ఖాళీ స్థలం కాదు. పునాది, గోడలు, కిటికీల ఖాళీలు అన్నీ ఉన్న ఒక పెద్ద పెంకు. పునాది పని లేదు, గోడ ఎత్తే పని తక్కువ. అసలు పని మధ్య కప్పులు, పైకప్పు, లోపలి అలంకరణ.

ఇక నిప్పు సంగతి. తేదీ పాత రష్యన్ క్యాలెండరు ప్రకారం డిసెంబరు 17, మన లెక్కలో 29. ఆ శతాబ్దంలో రెండు క్యాలెండర్లకూ 12 రోజుల తేడా. రెండు తేదీలూ చూసి రెండు ప్రమాదాలు అనుకునేవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

ఫీల్డ్ మార్షల్ హాలునీ, పక్కనున్న పీటర్ హాలునీ 1833-34లో మోన్‌ఫెరాన్ కట్టాడు (సెయింట్ ఐజాక్ కెథెడ్రల్, అలెగ్జాండర్ స్తంభం కట్టినది ఈయనే). పని త్వరగా కావాలని అసలు ఇటుక గోడకు ముందు కర్రతో ఇంకో గోడ నిలబెట్టి, దాని మీద అలంకరణ చేశారు. రెండిటి మధ్యా ఖాళీ ఉండిపోయింది. ఆ ఖాళీలోకి పాత పొగగొట్టం తాలూకు రంధ్రం ఒకటి మూయకుండా మిగిలిపోయింది. మంటకు కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి: ఎండిన కర్ర, పొగగొట్టంలోంచి వేడి, కింది నుంచి పైకి లాగే గాలి, కంటికి కనపడని చోటు.

ఇలాంటి చోట నిప్పు రాజుకుంటే రోజుల తరబడి మంట బయటికి రాదు. గాలి చాలక లోపలే కర్ర బొగ్గవుతూ ఉంటుంది, వాసన మాత్రం వస్తుంది. అక్కడా ముందు పొగ వాసనే వచ్చింది. ఎక్కడినుంచో చూద్దామని తెరిచేసరికి గాలి అంది మంట ఒక్కసారిగా బయటపడింది. మూసిన గది తలుపు తెరిస్తే మంట ఎగసిపడేది ఇందుకే.

అక్కడినుంచి అటకకు ఎక్కింది. అసలు నష్టం చేసింది అటకే. రాస్ట్రెల్లి కాలపు కర్ర వాసాలు, 75 ఏళ్లు ఎండినవి, ఇంత పొడవునా ఎక్కడా అడ్డు ఇటుక గోడ లేదు. అటక అంతా ఒకే గది అన్నమాట. కింద గదికీ గదికీ మధ్య ఎంత మందం గోడ ఉంటే ఏం లాభం, నిప్పు పైనుంచి దాటిపోయింది. వాసాలు విరిగి పడుతుంటే కింది కర్ర కప్పులు ఆ బరువుకు కూలుతూ వచ్చాయి. ఉధృతంగా మండింది 30 గంటల పైచిలుకు, శిథిలాల్లో నిప్పు మూడో రోజు దాకా ఉంది.

తూర్పున ఆనుకుని ఉన్న స్మాల్ హెర్మిటాజ్ అనే భవనాన్ని, అందులోని చిత్రాలను కాపాడింది నీళ్లు కాదు. రెండు భవనాలను కలిపే నడవాల కప్పు విరగ్గొట్టి, దారులను ఇటుకతో అడ్డంగా మూసేశారు. అటకలో లేని అడ్డుగోడను ఆ రాత్రికి రాత్రి కట్టారనుకోండి.

---

రివెట్టు:

కప్పుల గురించి నేను చెబుతాను. ఈ భవనంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్నది అదే.

అగ్నిప్రమాదం జరిగిన రెండు వారాల్లోపే, డిసెంబరు 29న (పాత లెక్క), ప్రిన్స్ వొల్కోన్‌స్కీ అధ్యక్షతన నిర్మాణ సంఘం వేశారు. వాస్తుశిల్పులు ఇద్దరు. వసీలీ స్తాసొవ్‌కి ముఖభాగాలు, దర్బారు హాళ్లు, చర్చి. అలెగ్జాండర్ బ్రూలోవ్‌కి ఎక్కువగా రాజకుటుంబం నివసించే గదులు. పాత రూపం ఎక్కడ అలాగే ఉంచాలి, ఎక్కడ మార్చవచ్చు అన్నది మొదట్లోనే తేల్చుకున్నారు. కప్పులో కర్ర వద్దు అన్నది మాత్రం అన్నిచోట్లా పాటించిన సూత్రం.

ఇనుము పని అలెగ్జాండ్రొవ్‌స్కీ ఫౌండ్రీ నుంచి వచ్చింది. అక్కడి డైరెక్టరు మాథ్యూ క్లార్క్, రష్యన్లకు మత్వేయ్ క్లార్క్. పైకప్పుకు కర్ర వాసాల బదులు ఇనుప ట్రస్సులు (కడ్డీలు కలిపి కట్టిన త్రికోణపు చట్రాలు). మధ్య కప్పులకు ఆయన వాడిన దూలం నేటి ఐ-బీమ్ కాదు, దాన్ని వేడిగా సాగదీసి రోల్ చేసే యంత్రాలు అప్పటికి లేవు. బాయిలర్లకు వాడే చేత ఇనుము (రాట్ ఐరన్) రేకులను విల్లులా వంచి, రెండు రేకులను ఎదురెదురుగా పెట్టి, పై అంచూ కింది అంచూ కలిపి రివెట్లు కొట్టారు. అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారం. పేరు కూడా అదే, "ఎలిప్టికల్ దూలం". లోపల బోలు. పొడవు పెద్దదైన చోట, దూలం కింద ఇనుప కడ్డీని విల్లు తాడులా బిగించి, మధ్యలో పొట్టి ఊతకర్రలాంటి కమ్మీలతో పైకి ఎత్తిపెట్టారు. కడ్డీ లాగుడు మోస్తుంది, దూలం నొక్కుడు మోస్తుంది.

ఈ ఆకారం ఎందుకంటే, పలక రేకును నిలువుగా ఒంటరిగా పెడితే బరువు పడగానే పక్కకు వంగిపోతుంది. రెండు వంపు రేకులు ఒకదాన్నొకటి పట్టుకుంటే మెలి తిరగవు. పోత ఇనుము కాకుండా చేత ఇనుమే ఎందుకంటే, పోత ఇనుము నొక్కుడుకు బలం, లాగుడుకు బలహీనం. దూలం కింది అంచు మీద ఉండేది లాగుడే. పైగా పోత ఇనుము ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా తెగుతుంది.

దూలాల మధ్య నింపింది బోలు మట్టి కుండలు. అవును, కుమ్మరి సారె మీద చేసి కాల్చిన పాత్రలే, వంట కుండలు కావు గానీ అదే జాతి. వీటిని పక్కపక్కన నిలబెట్టి సున్నం గార పోసి, కొద్దిపాటి కమానుగా కట్టారు. మన ఊళ్లలో పాత రైల్వే స్టేషన్లలో, ప్రభుత్వ కచేరీల్లో రైలు పట్టాల మధ్య ఇటుక కమాన్లతో జాక్ ఆర్చి కప్పు చూస్తారు కదా, పద్ధతి దానికి దగ్గరే. ఇటుక బదులు కుండ అన్నమాట. లాభం ఏమిటి:

బరువు తగ్గుతుంది, కాబట్టి సన్నని దూలం చాలుతుంది, గోడ మీద తోపుడు తగ్గుతుంది. కుండలో నిశ్చలంగా ఉన్న గాలి వేడినీ చప్పుడునూ అడ్డుకుంటుంది. ఒకసారి బట్టీలో కాలిన మట్టికి మళ్లీ నిప్పంటుకునే భయం లేదు. ఇంకోటి, కుండ ముందే ఆరిపోయిన వస్తువు. తడి ఉన్నది మధ్యలోని గారలో మాత్రమే. 15 నెలల గడువు ఉన్న పనిలో ఇది చిన్న విషయం కాదు.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. "ఇనుము కాలదు కాబట్టి భద్రం" అని ఆ కాలం వాళ్లు గట్టిగా నమ్మారు. కాలదు నిజమే, కానీ సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర బలం సగానికి పడిపోతుంది, దూలం వేలాడిపోతుంది. నగ్నంగా వదిలిన ఇనుప దూలం కన్నా మట్టి, సున్నం కప్పిన దూలం నయం. ఇక్కడ కుండలు కొంతమేర ఆ పని చేశాయి. అటకలో మాత్రం ట్రస్సులు నగ్నంగానే ఉన్నాయి. అక్కడ రక్షణ ఏమిటంటే, మండటానికి ఏమీ లేకపోవడం, ఈసారి అటకను ముక్కలు చేసిన ఇటుక అడ్డుగోడలు.

ఇనుము పెట్టేటప్పుడు చలి ప్రదేశంలో మరిచిపోకూడనిది చివరల్లో ఖాళీ. 10 మీటర్ల దూలం 40 డిగ్రీల తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చలికాలంలో గోడల మధ్య బిగించేస్తే వేసవిలో అది గోడనే తోస్తుంది. తోయకపోతే గారలో పగుళ్లు.

---

పాతగోడ:

దూలంవాసం గారు, రివెట్టు గారు, ధన్యవాదాలు. కుండల సంగతి అసలు తెలియదు. మరి తడి? ఇటుక పని, గార, ప్లాస్టరింగు అన్నీ ఏడాదిలో చేస్తే, ఆరకుండా పైన బంగారు రేకు ఎలా అంటించారు?

---

సున్నపుబట్టి:

చేయి తిరిగిన తాపీమేస్త్రి వేసే మొదటి ప్రశ్న ఇదే. జవాబు అంత అందంగా ఉండదు.

ముందు ఒక సంగతి. సున్నం "ఆరడం", సున్నం "గట్టిపడడం" రెండూ ఒకటి కావు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారితేనే గట్టిపడుతుంది. దానికి కాస్త తడి కూడా కావాలి. పైపొర నుంచి లోపలికి మెల్లగా వెళ్తుంది, లోతు పెరిగేకొద్దీ మరీ మెల్లగా. బాగా వేడి పెట్టి నీళ్లు లాగేస్తే పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల సుద్దపొడిలా ఉండిపోతుంది, వేలితో గీస్తే రాలుతుంది. చలి ఎక్కువైనా తంటానే. 5 డిగ్రీల లోపు ఈ మార్పు దాదాపు ఆగిపోతుంది. సున్నా డిగ్రీలకు దిగితే గారలోని నీరు గడ్డకట్టి 9 శాతం ఉబ్బుతుంది, అతుకు విడిపోతుంది. అందుకే బయటి ఇటుక పని 1838 వెచ్చని నెలల్లో ముగించి, 1838-39 శీతాకాలాన్ని లోపలి పనికి వదలాలి. వేరే దారి లేదు.

ఆ శీతాకాలంలో లోపల పొయ్యిలు విపరీతంగా రాజేశారు. 1839లో రష్యా వచ్చిన ఫ్రెంచి ప్రభువు క్యుస్తీన్ రాసినదాని ప్రకారం బయట 26 నుంచి 30 డిగ్రీల చలి, లోపల గోడలు త్వరగా ఆరాలని 30 డిగ్రీల వేడి. ఇవి రోమ్యూర్ అనే పాత కొలమానంలో డిగ్రీలు. మన సెల్సియస్‌లో బయట మైనస్ 32 నుంచి మైనస్ 37, లోపల 37 పైన. పనివాళ్లు ఆరు వేల మంది అంటాడు. బాగా వేడిగా ఉన్న గదుల్లో రంగులు వేసేవాళ్లు తల మీద మంచుగడ్డ పెట్టిన టోపీలు పెట్టుకున్నారని కూడా రాశాడు. ఆయనకు జార్ పాలన అంటే గిట్టదు, అది గుర్తుపెట్టుకుని చదవాలి. అయినా ఆ వేడిలో పని, ఆ చలిలోకి నడక, రోజూ 70 డిగ్రీల తేడా, మనుషుల మీద ఎలా ఉంటుందో ఊహించడానికి ఆయన అవసరం లేదు. ఈ పనిని ముందుండి తోసిన క్లైన్‌మిహెల్‌కి 1839లో కౌంట్ బిరుదు ఇచ్చారు. బిరుదు చిహ్నం మీద "పట్టుదల అన్నిటినీ జయిస్తుంది" అన్న అర్థం వచ్చే మాట. ఎవరి పట్టుదలో!

పనితనం విషయానికొస్తే, వాళ్లు తడి సమస్యను గెలిచింది వేడితో కన్నా సామాను ఎంపికతో అంటాను.

ఒకటి, జిప్సం. పాలరాయిలా కనిపించే చాలా స్తంభాలు, గోడలు నకిలీ పాలరాయి. జిప్సం పొడిలో జిగురు నీళ్లు, రంగు కలిపి ముద్దలా పూసి, గట్టిపడ్డాక రాళ్లతో తడిరుద్ది మెరుగు పెడతారు. జిప్సం గాలి కోసం కాచుకోదు, నీళ్లతో కలిసి అదే బిగుస్తుంది, గంటల్లో పని. జిగురు నీళ్లు కలిపేది బిగుసుకోవడం కాస్త ఆలస్యం చేసి, పూయడానికి వ్యవధి ఇవ్వడానికి. జిగురు తక్కువైతే పూసేలోపే బిగుస్తుంది, ఎక్కువైతే మెత్తగా మిగిలి మెరుగు పట్టదు. దీని శత్రువు నీరు. వెనక గోడ తడిగా ఉంటే రంగు మచ్చలు కడుతుంది.

రెండు, కాగితపు గుజ్జు. కప్పు మీది బంగారు లతలు, పూలు చాలాచోట్ల అచ్చుల్లో పోసిన కాగితపు గుజ్జువే. మలకైట్ (ఆకుపచ్చ రాయి) గది కప్పు అందుకు మంచి ఉదాహరణ. పనిశాలలో వెచ్చగా కూర్చుని చేయవచ్చు, ఆరబెట్టి, బంగారు రేకు అంటించి, తెచ్చి బిగించవచ్చు. బరువు లేదు, గోడ ఆరే దాకా ఆగక్కర్లేదు. పాతగోడ గారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

---

రివెట్టు:

సున్నపుబట్టి గారు పొయ్యిలు అన్నారు కాబట్టి ఒక్క మాట. కొత్త భవనంలో గదికో పొయ్యి పెట్టి, గోడల్లో లెక్కలేనన్ని పొగగొట్టాలు పెట్టే పద్ధతిని బాగా తగ్గించారు. 1835లో అమ్మొసొవ్ అనే సైనికాధికారి రూపొందించిన వేడిగాలి పొయ్యిలు కింది అంతస్తులో పెట్టారు. పొయ్యి చుట్టూ ఉన్న గదిలో గాలి వేడెక్కి, గోడల్లోని దారుల గుండా పై హాళ్లలోకి వస్తుంది. నిప్పు ఉండే చోట్లు తగ్గాయి, కట్టెలు పైకి మోయడం తప్పింది. కష్టం ఎక్కడంటే గాలి మరీ పొడిబారుతుంది. చెక్క పలక మీద వేసిన చిత్రాలు, చెక్క నేల, సామాను పగుళ్లిచ్చేది ఇలాంటి గాలికే. వేడి ఇనుము మీద దుమ్ము మాడిన వాసన వేరే.

---

దూలంవాసం:

సెయింట్ జార్జ్ హాలు దగ్గరికి వద్దాం, ఎవరూ ముట్టుకోలేదు.

ఆ తూర్పు రెక్క రాస్ట్రెల్లిది కాదు. రెండో కేథరిన్ కాలంలో వాస్తుశిల్పి క్వారెంగీ 1787-95 మధ్య చేర్చినది, 1795లో సెయింట్ జార్జ్ పండుగనాడు తెరిచారు. అప్పుడు హాలు రంగురాళ్లతో ఉండేది. 1837 తర్వాత అంతా తెల్ల కరారా పాలరాయి కావాలని నిర్ణయించారు. వైశాల్యం సుమారు 800 చదరపు మీటర్లు, 48 స్తంభాలు, రెండంతస్తుల ఎత్తు. ఇటలీలో రాయి తీయించి, చెక్కించి, ఓడల్లో తేవాలి. ఇది 15 నెలల్లో అయ్యే పని కాదు, కాలేదు కూడా. "1839లో అంతా పూర్తి" అన్న మాట ఇక్కడే తప్పుతుంది. హాలు 1842కి గానీ ముగియలేదు.

మధ్యలో 1841 ఆగస్టులో కప్పు కూలింది. తర్వాత స్తాసొవ్, ఇంకో వాస్తుశిల్పి యెఫీమొవ్ పెట్టిన కప్పు చూస్తే ఏం నేర్చుకున్నారో తెలుస్తుంది: పైన ఇనుప కట్టు, దాన్నుంచి వేలాడదీసిన రాగి రేకులు, వాటి మీద బంగారు పూత పూసిన అలంకారం. కింద నుంచి చూస్తే బరువైన చెక్కడపు కప్పులా ఉంటుంది, నిజానికి పలుచని రేకు. 16 రకాల చెక్కతో వేసిన నేల నమూనా ఆ కప్పు నమూనానే అనుసరిస్తుంది. హాలుకు వెళ్లేవాళ్లు సింహాసనం ఫొటో తీసుకుని వచ్చేస్తారు. పైకీ కిందికీ ఒకసారి చూడమని నా సలహా.

కప్పు కూలడాన్ని తడిగోడల తొందరతో ముడిపెట్టడం తేలికే గానీ, నేను ఆ పని చేయను. గార ఆరకపోతే ముందు పెచ్చులు ఊడతాయి, మచ్చలు వస్తాయి. అంత పెద్ద కప్పు మొత్తంగా పడిందంటే చూడాల్సింది మోసే కట్టునూ, దాని మీది బరువునూ.

స్తాసొవ్ సర్దుబాటు చూడాలంటే ప్యాలెస్ ప్రధాన మెట్లు, అంటే జోర్డాన్ మెట్లు, మంచి చోటు. రాస్ట్రెల్లి ఆకారం ఉంచాడు. గులాబీ నకిలీ పాలరాతి స్తంభాల బదులు సెర్దొబోల్ అనే ఊరి బూడిదరంగు గ్రానైట్ స్తంభాలు పెట్టాడు, బంగారు పూత కటకటాల బదులు తెల్ల పాలరాతి కటకటాలు. కప్పు చిత్రం కాలిపోయింది. గోదాములో ఇటలీ చిత్రకారుడు డిజియానీ వేసిన ఇంకో చిత్రం దొరికింది కానీ సైజు చిన్నది. చుట్టూ మిగిలిన ఖాళీని చిత్రానికి కలిసేలా రంగులతో నింపించాడు. అతుకు ఎక్కడో చెప్పకపోతే చాలామందికి తెలియదు.

---

ఆకుపచ్చరాయి:

మలకైట్ గది ప్రస్తావన వచ్చింది కాబట్టి. "స్తంభాలన్నీ నిండు మలకైట్" అని రాసేవాళ్లను నమ్మొద్దు. 8 స్తంభాలు, 8 అర్ధస్తంభాలు, రెండు చలికాపుడు గూళ్లు, అంతటికీ పట్టింది దాదాపు 125 పూద్‌లు. పూద్ 16.38 కిలోలు, అంటే రెండు టన్నుల పైచిలుకు. నిండు స్తంభాలకు అది ఏ మూలకూ చాలదు.

పద్ధతిని "రష్యన్ మొజాయిక్" అంటారు. రాయిని కొద్ది మిల్లీమీటర్ల మందం పలకలుగా కోసి, లోపలి వలయాల గీతలు ఒక పలక నుంచి ఇంకో పలకకు సాగేలా ముక్కలు ఎంచి, ఆధారం మీద లక్కలాంటి మాస్టిక్‌తో వేడిగా అంటిస్తారు. అతుకుల్లో మలకైట్ పొడి కలిపిన మాస్టిక్ కూరి అంతా కలిపి మెరుగు పెడతారు. అతుకును తిన్నగా కోయకూడదు. రాయిలోని గీత వెంటే వంకరగా కోస్తేనే కన్ను మోసపోతుంది. చెడేది మాస్టిక్ దగ్గరే. వేడిగాలికి ఎండి పట్టు వదిలితే పలక లోపల బోలుగా మోగుతుంది, తర్వాత ఊడుతుంది. రివెట్టు గారు చెప్పిన పొడి గాలి ఇక్కడా పనిచేస్తుంది. అగ్నిప్రమాదానికి ముందు ఆ గది మోన్‌ఫెరాన్ చేసిన జాస్పర్ (ఒక రంగురాయి) గది.

---

రివెట్టు:

పైకప్పు అంచున నిలబడ్డ విగ్రహాల గురించి కూడా ఒకటి కలుపుతాను, చాలామంది అవి రాస్ట్రెల్లి నాటివే అనుకుంటారు. మొదటివి రాతివి. నీరు రాతి రంధ్రాల్లోకి దిగి, గడ్డకట్టి, రాతిని పగలగొడుతూ వచ్చింది. ముక్కలు కింద పడటం మొదలయ్యాక 1890లలో రాగి రేకును సుత్తితో సాగదీసి, లోపల ఇనుప చట్రం పెట్టిన బోలు విగ్రహాలు వేశారు. బరువు తగ్గింది. కానీ రాగి, ఇనుము తగిలిన చోట తడి చేరితే తుప్పు పట్టేది ఎప్పుడూ ఇనుమే. పైకి విగ్రహం బాగానే ఉంటుంది, లోపల చట్రం తినేసి ఉంటుంది. ఇలాంటివి తనిఖీ చేసేటప్పుడు రాగిని చూసి సంతోషపడకుండా, అడుగున నీరు పోయే రంధ్రం తెరిచి ఉందా, కాళ్ల దగ్గర తుప్పు మరక కారుతోందా అన్నది ముందు చూడాలి.